ఎలుక జ్వరం

మా చేలో ఎలుకలు కొట్టిన జాగా చూస్తే ఎవరో కొడవలితో కోసి వదిలేసినట్టు ఉంటుంది. గట్టు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు, చేను ఏపుగా పచ్చగానే ఉంటుంది. లోపలికి దిగితే నడిమధ్యలో మంచం వేసుకునేంత మేర పిలకలన్నీ మొదలంటా కొరికి పడేసి ఉంటాయి. రెండేళ్ల కిందట అక్టోబరులో, బీపీటీ రకం వరి పొట్ట మీద, అంటే కంకి బయటపడే ముందు ఉన్నప్పుడు, అలాంటి జాగాలు మేం కౌలుకు చేసే మూడెకరాల్లో ఏడు లెక్కపెట్టాను. ఆ లెక్క కోసమే పొద్దంతా చెప్పుల్లేకుండా నీళ్లలో తిరిగాను. నాకు జబ్బు అంటింది ఆ నీళ్లలోనే.

మాది అవనిగడ్డ దగ్గర పల్లె. కృష్ణా కాలువలకు చివరి ఊళ్లు మావి. నీళ్లు రావాల్సినప్పుడు ఆఖరున వస్తాయి, పోవాల్సినప్పుడు ఆఖరున పోతాయి. ఆ వారం పెద్ద వాన పడి మురుగు కాలువ ఎగదన్నింది. నేను, మా ఆయన రెండు రోజులు గట్లు తెగకుండా మట్టి వేసుకుంటూ కూర్చున్నాం. గట్ల నిండా ఎలుక బొక్కలే కాబట్టి ఒకచోట పూడిస్తే ఇంకోచోట నీళ్లు బుసబుసా వచ్చేవి. కొన్ని బొక్కల్ని కాలి మడమతోనే తొక్కి పూడ్చాను. అప్పటికే నా మడమలు పగిలి ఉన్నాయి, నాట్లప్పటి నుంచి వేళ్ల సందులు నాని ఒరిసిపోయి ఉన్నాయి. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లందరి కాళ్లూ అంతే. రాత్రికి పసుపు, ఆముదం రాసుకుని పడుకోవడం, పొద్దున్నే మళ్లీ దిగడం.

పది రోజులకు జ్వరం వచ్చింది. మొదటి రోజు చలి, విపరీతమైన తలనొప్పి. రెండో రోజుకి పిక్కలు పట్టేశాయి. ఆ నొప్పి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అదే గుర్తని నాకప్పుడు తెలియదు, తెలిసుంటే అయిదు రోజులు కలిసొచ్చేవి. ఒళ్లునొప్పులు అందరికీ వస్తాయి. ఇది అలాంటిది కాదు. మంచం దిగి నిలబడితే రెండు పిక్కల్నీ రోకలి పెట్టి దంచినట్టు ఉండేది. మా చిన్నది ఆడుకుంటూ కాలు మీద చెయ్యి వేస్తే కేక పెట్టాను. కళ్లు ఎర్రబడ్డాయి. కళ్లకలక అనుకున్నాం. కానీ పుసి లేదు, నీరు కారడం లేదు, తెల్లగుడ్డంతా నెత్తురు జీరలు పాకి ఎర్రగా ఉందంతే.

ఊళ్లో ఆర్‌ఎంపీ గారు మూడు రోజులు సెలైన్ పెట్టి, నొప్పులకు సూదులు వేశారు. జ్వరం కాస్త తగ్గింది. తగ్గింది కదా అని పొయ్యి దగ్గరికి కూడా వెళ్లాను. అయిదో రోజు పొద్దున మూత్రం పసుపు నీళ్లలా వచ్చింది, సాయంత్రానికి కళ్లు పచ్చబడ్డాయి. అత్తయ్య చూసి "కామెర్లమ్మాయ్" అంది. కామెర్లంటే మా ఇళ్లలో పసరే. పక్క ఊరికి తీసుకెళ్లి పసరు పోయించింది, ఉప్పులేని పథ్యం పెట్టింది. అత్తయ్య మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా కోసం ఆవిడ రెండు పూటలా తిండి మానేసి కూర్చుంది. కానీ ఆ రెండు రోజుల్లో నా మూత్రం అరగ్లాసుకు పడిపోయింది, ముక్కులో నుంచి రక్తం కారింది. ఏడో రోజు రాత్రి మా ఆయన ఇక ఎవరి మాటా వినకుండా ఆటోలో పడేసుకుని జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. ఆమె ముందు కళ్లు చూసింది. తర్వాత ఏమీ చెప్పకుండా నా పిక్క పట్టి నొక్కింది. నేను అరిచిన అరుపుకు పక్క మంచం వాళ్లు లేచి కూర్చున్నారు.

"ఈ మధ్య పొలం నీళ్లలో దిగారామ్మా?" అని అడిగింది.

"మేం ఎప్పుడూ దిగుతూనే ఉంటాం మేడమ్."

"ఎలుకలున్నాయా?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కామెర్లకీ ఎలుకలకీ ఏం సంబంధం? మా ఆయన మాత్రం వెంటనే "మా చేను సగం అవే తిన్నాయి మేడమ్" అన్నాడు. ఆమె కేసు షీటు మీద ఏదో రాసి, రక్తం తీయించి, రిపోర్టు కోసం చూడకుండానే పెన్సిలిన్ మొదలుపెట్టించింది. ఆరు గంటలకోసారి సూది. ఆ రాత్రి ఆమె ఆగి ఉంటే ఇవాళ నేను ఇది రాసేదాన్ని కాదు.

జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రంలో ఉండే ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. క్రిమి ఎలుకను పెద్దగా బాధపెట్టదు, దాని మూత్రపిండాల్లో కాపురం పెట్టి నెలల తరబడి మూత్రంతో బయటికి వస్తూనే ఉంటుంది. తడి నేలలో, నిలవ నీళ్లలో వారాల పాటు బతుకుతుంది. మనిషి ఒంటి మీద చిన్న గీత ఉన్నా, కాలు నాని చర్మం మెత్తబడినా అందులోంచి లోపలికి పోతుంది. చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. కొందరికి కామెర్లు, కిడ్నీలు దెబ్బతినడం, రక్తస్రావం. ఈ ముదిరిన రూపాన్ని 1886లోనే వైల్ అనే జర్మన్ డాక్టరు వర్ణించి రాశాడట. 1915 ప్రాంతంలో జపాను వాళ్లు ఆ క్రిమిని పట్టుకున్నారు. అంటే వందేళ్లకు పైగా లోకానికి తెలిసిన జబ్బు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో, ఇన్ని చేల మధ్య, దాని పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

డాక్టరమ్మ తర్వాత నాకు ఓపిగ్గా చెప్పింది. మామూలు కామెర్లలో లివరు పరీక్ష అంకెలు వేలల్లోకి పోతాయట. నాకు అవి కొంచెమే పెరిగాయి, కానీ కళ్ల పచ్చదనం చూపించే బిలిరుబిన్ 14 ఉంది. కిడ్నీల పని చూపించే క్రియాటినిన్ 5.8. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయాయి. కామెర్లు, కిడ్నీ రెండూ ఒకేసారి దెబ్బతిని, పిక్కల నొప్పి ఉండి, మనిషి చేలో పనిచేసేదయితే ముందు దీన్నే అనుమానించాలంది. మొదటి వారంలో డాక్సీసైక్లిన్ మాత్రలకే చాలామందికి తగ్గిపోతుందని కూడా చెప్పింది. కిడ్నీ దెబ్బతింటున్న మనిషికి ఆ నొప్పుల సూదులు అసలు పడకూడదట.

మూడుసార్లు డయాలసిస్ చేశారు. ఆ గదిలో ఎలుక జ్వరం వాళ్లం ఇద్దరమే. నేను, పట్నంలో మురుగు కాలువల్లో పూడిక తీసే ఒక కాంట్రాక్టు కార్మికుడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నడుము లోతు మురుగులో దిగి పార వేస్తామక్కా, గ్లౌజులు ఇచ్చారు గానీ వారానికే చిరిగిపోతే మళ్లీ అడగలేదు అని చెప్పాడు. రెండోసారి డయాలసిస్‌కి వెళ్లినప్పుడు అతను లేడు. డాక్టర్లు పంపకుండానే వెళ్లిపోయాడంది నర్సమ్మ. వారం దాటి రాకపోతే ఆ పనిలోకి ఇంకొకరిని పెట్టుకుంటారట. బతికాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ అవనిగడ్డ సెంటర్లో ఎవరైనా కాలువ పూడిక తీస్తూ కనిపిస్తే ఆగి ముఖం చూస్తాను.

తొమ్మిదో రోజు నుంచి మూత్రం మొదలైంది. మొదలయ్యాక ఇక ఆగలేదు, రోజుకు అయిదారు లీటర్లు. నర్సమ్మ డబ్బాలో కొలిచి గోడ మీది చార్టులో రాస్తుంటే మా ఆయన ఆ అంకెల్ని పాలు పోసినంత ఆనందంగా ఫోన్లో అత్తయ్యకు చదివి వినిపించేవాడు. పదహారో రోజున ఇంటికి వచ్చాను.

ఇంటికి రావడం వేరు, కోలుకోవడం వేరు. నెల రోజులు మంచం నుంచి పంపు దాకా నడిస్తే ఆయాసం. కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడింది. మూడో నెలలో ఒక కన్ను ఎర్రబడి మసకబారితే పరుగెత్తాం, ఈ జబ్బు తగ్గాక కూడా కంట్లో అలా రావచ్చని అప్పుడు చెప్పారు. చుక్కలతో సర్దుకుంది. ఆరో నెలకు గానీ బిందె ఎత్తలేకపోయాను.

వైద్యం ఉచితమే. అయినా బయట చేయించిన పరీక్షలు, ఆటోలు, మా ఆయన పోగొట్టుకున్న పనిరోజులు, అన్నీ కలిపి 60 వేలు అప్పయింది, మూడు రూపాయల వడ్డీకి. చేను నేను లేని ఆ మూడు వారాల్లో ఇంకా పోయింది. భూమి గలాయన మంచివాడే, ఆసుపత్రికి పళ్లు తీసుకుని వచ్చి చూసి వెళ్లాడు. కానీ కౌలు బస్తాలు ముందు ఒప్పుకున్నవి, మొత్తం కొలిచి ఇచ్చాం. నాకు మిగిలిన బాధ ఇదే. ఎలుక తిన్న పంట నా వాటాలోంచి పోయింది. ఎలుక అంటించిన జబ్బు నా ఒంటికి వచ్చింది. ఆ ఎలుక పుట్టిన కాలువ గట్టు ప్రభుత్వానిది, అది బొక్కలు చేసిన పొలం గట్టు ఆసామిది.

ఎలుకల నివారణ గురించి మా దగ్గర మాట్లాడేవాళ్లంతా పంట నష్టం గురించే మాట్లాడతారు. అదీ అవసరమే. మూడు వారాలకే పిల్లలు పెట్టి, ఈతకు ఆరేడు పిల్లలు వేసే జంతువుతో వ్యవహారం. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే పద్ధతి కూడా మంచిదే. మొదటి రోజు బొక్కలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు ఏవి తెరుచుకున్నాయో చూసి, వాటిలోనే బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన నూకల పొట్లాలు వేయాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు, పొట్లానికి 15 గ్రాములు. ఈ మందుతో ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది, అందుకే మిగతావాటికి అనుమానం రాదు. జింకు ఫాస్ఫైడు అలా కాదు. కొంచెం కొరికి బతికిపోయిన ఎలుక మళ్లీ దాని జోలికి రాదు. పిల్లలున్న ఇంట్లో ఆ నల్లపొడి డబ్బా ఉంటే నాకు నిద్ర పట్టదు.

అయితే ఇదంతా ఆయకట్టు మొత్తం ఒకే రోజున చేస్తేనే. ఎలుకకు సరిహద్దు రాళ్లు లేవు. నేను మందు పెట్టి పక్క చేను వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ నాకే వస్తాయి. అందరూ పెట్టి కాలువ గట్టు వదిలేసినా అంతే. మా ఊళ్లో ఏటా జరిగేది మాత్రం, చేను పొట్ట మీదికి వచ్చాక, నష్టం కళ్లబడ్డాక, ఎవరికి వారు పరుగులు పెట్టడం. అప్పటికి చేలో పాలు పోసుకునే కంకి ఉంటే ఎలుక మన నూకల పొట్లం దగ్గరికి ఎందుకొస్తుంది? నారుమళ్లకు ముందు, ఎండాకాలంలో చేలు ఖాళీగా ఉండి వాటికి తిండి దొరకనప్పుడు పెట్టాలి మందు. పొట్ట మీదికి వచ్చాక మందు కాదు కావాల్సింది, మనుషులు.

ఆ మనుషులు మాకు ఉన్నారు. యానాదులు, ఎలుకలు పట్టే గిరిజనులు. సాయంత్రం చీకటిపడే వేళకు తాటాకు బుట్టలు తెచ్చి గట్ల వెంట పెట్టి వెళతారు, తెల్లారకముందే వచ్చి ఏరుకుంటారు. బొరియల దగ్గర కుండలో గడ్డి వేసి పొగ ఊది, తవ్వి పట్టుకుంటారు. ఎకరంలో ఎన్ని బొరియలున్నాయో, ఏది ఖాళీదో, ఏది పిల్లల్ది, గట్టు మీద నడుస్తూనే చెప్పగలరు. ఇంత నైపుణ్యానికి మా ఊళ్లో ఎలుకకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. బుట్ట ఖాళీగా వస్తే ఆ రాత్రి కష్టానికి ఏమీ లేదు. మందు పెట్టిన చేలో పట్టిన ఎలుకను వాళ్లు తినలేరు కూడా. అంటే మనం ఎవరికి వారు ఇష్టమొచ్చినప్పుడు మందు చల్లుకుంటే వాళ్ల కూలీ పోతుంది, కూర కూడా పోతుంది.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, మర్నాటి ఏడు మా గట్టు మీద ఒక ముసలాయన బొరియ తవ్వుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎప్పటి నుంచో మా చేలకు వచ్చే తాతే. కుండ మూతికి నోరు ఆనించి పొగ ఊదాడు, రెండో బొక్కలోంచి పొగ పైకి లేవగానే దానికి మట్టి కొట్టాడు. తవ్వుకుంటూ పోయి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. వేళ్ల మీద ఎలుక కరిచిన పాత మచ్చలు, గడ్డిపోచ కోసిన కొత్త గీతలు. నా కడుపులో దేవినట్టయింది.

"తాతా, చెయ్యి పెట్టొద్దు. నాకు జబ్బు ఇట్టాగే వచ్చింది."

"చెయ్యి పెట్టకపోతే ఎటు మలుపు తిరిగిందో ఎట్టా తెలుద్దమ్మాయ్," అంటూనే లోపల్నుంచి ఎలుక దాచుకున్న వరి వెన్నులు తీశాడు. గుప్పెడు, ఇంకో గుప్పెడు, చాటెడు అయ్యాయి. ఎలుక మొదళ్ల దగ్గర కత్తిరించిన తీరు ఎంత సమంగా ఉందంటే కట్ట కట్టి దాచినట్టే ఉంది. బొరియలో దొరికిన గింజలు పట్టినవాళ్లవే, అది మా ఊరి కట్టుబాటు. ఆ వెన్నులు గోతాంలో వేసుకుంటూ, నా జబ్బు ఎలా మొదలైందని అడిగాడు. పిక్కలు, ఎర్ర కళ్లు, పచ్చ మూత్రం, అన్నీ చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మా తమ్ముడికీ ఇంతేనమ్మా. కామెర్లన్నారు. పసరు పోయించాం. పన్నెండో రోజున పోయాడు."

అది ఎలుక జ్వరమేనని నేను చెప్పలేను. పరీక్ష చేయలేదు కదా. కానీ ఇక్కడే నాకు అన్యాయం కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా 10 లక్షలకు పైగా మనుషులకు ఈ జబ్బు వస్తుందని, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా వేశారు. 2005లో ముంబయిలో ఒక్క రోజే 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగినప్పుడు, ఆ తర్వాత వచ్చిన ఈ జబ్బు గురించి దేశమంతా మాట్లాడుకుంది. పల్లెల్లో బురదలో ఉండేవాళ్లకు వస్తే దాని పేరు కామెర్లు, లేకపోతే విష జ్వరం. పరీక్ష రాసే డాక్టరు దాకా వెళ్లగలిగినవాళ్లే లెక్కలోకి వస్తారు. లెక్కలో లేని జబ్బుకు మందు ఎవరు తెప్పిస్తారు?

కేరళలో ఈ జబ్బును ఎలిప్పని అంటారు, అంటే ఎలుక జ్వరమే. అక్కడ మామూలు జనానికి కూడా ఆ పేరు తెలుసు. 2018 వరదలప్పుడు నీళ్లలో దిగి పనిచేసేవాళ్లకు వారానికోసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఖరీదైన మందేమీ కాదు, వారం మాత్రలకు ఒక టీ ఖర్చు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, ఎవరికి ఇవ్వాలో డాక్టరే చూసి చెప్పాలి. ఈ సంగతి ఆసుపత్రి మంచం మీద విన్నప్పటి నుంచి నా బుర్రలో అదే తిరుగుతూ ఉంది.

గమ్‌బూట్లు కొన్నాం. చేలో దిగగానే బురదలో దిగబడి కాలొక్కటే పైకి వచ్చింది. గట్ల మీద, కాలువ పనుల్లో పనికొస్తాయి గానీ నాట్లలో కుదరదు. ఇప్పుడు పని నుంచి రాగానే సబ్బుతో మోకాళ్ల దాకా కడుక్కుంటున్నాం, పుండు ఉన్నవాళ్లు అది మానేదాకా నీళ్లలో దిగడం లేదు. అంటే నేను దిగడం లేదు. కూలికి వెళ్లేవాళ్లు పుండు ఉందని ఆగగలరా?

ఒక అర్జీ రాసి రెండు ఆఫీసులు తిరిగాను. నేను అడిగింది మూడు. కాలువ గట్లకు కూడా పొలాలతోపాటే ఒకే రోజున మందు పెట్టాలి. ఎలుకలు పట్టేవాళ్లకు రోజు కూలీ ఇచ్చి, దాని పైన ఎలుక లెక్క ఇవ్వాలి, అందులో భూమి గలవాళ్ల వాటా కూడా ఉండాలి. సీజన్లో వాళ్లకు గ్లౌజులు, మాత్రలు ఇవ్వాలి. ఒకచోట, జబ్బుల సంగతి మాది కాదమ్మా అన్నారు. ఇంకోచోట, ఎలుకల సంగతి మాది కాదన్నారు. రెండుచోట్లా మర్యాదగానే మాట్లాడారు, అర్జీ తీసుకున్నారు. మొదటి రెండింటికీ ఇప్పటిదాకా జవాబు లేదు.

మూడోదాన్ని మాత్రం మా వైపు ఆరోగ్య కేంద్రంలో పనిచేసే డాక్టరు గారు విన్నారు. నా డిశ్చార్జి కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఈ అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున ఆవిడే ఆశా వర్కరును వెంటబెట్టుకుని మా ఊరి చివర యానాదుల ఇళ్ల దగ్గరికి వచ్చారు. చింతచెట్టు కింద బల్ల వేసుకుని ఒక్కొక్కరి చేతులు, కాళ్లు చూసి, ఎవరికి ఇవ్వొచ్చో ఎవరికి కూడదో అడిగి, ఒక నోటుబుక్కులో పేర్లు రాసుకుంటూ మాత్రలు ఇచ్చారు. పదకొండు మంది తీసుకున్నారు. పిక్కలు నొప్పి పుట్టి జ్వరం వస్తే పసరు దగ్గరికి వెళ్లకుండా తన దగ్గరికే రావాలని రెండుసార్లు చెప్పారు.

తాత ఆఖరున వచ్చాడు. మాత్రలు కండువా కొంగున ముడి వేసుకున్నాడు గానీ అక్కడి నుంచి కదల్లేదు.

"ఈ పుస్తకంలో మా తమ్ముడి పేరు రాయొచ్చా అమ్మా?" అని అడిగాడు.

డాక్టరు గారు నా వైపు చూశారు. తమ్ముడి సంగతి నేను చెప్పాను. ఆవిడ నోటుబుక్కు వెనక్కి తిప్పి చివరి పేజీ తీసి, పేరు రాసుకుని, ఏ నెలలో పోయాడు తాతా అని అడిగారు.